వేడినీళ్ళ మోటారు గురించి హజరాబీ చెప్పి రాయించినది

ఉదయగిరి,
మంగళవారం పొద్దున.

నా పేరు హజరాబీ. వయసు డెబ్బై ఒకటి. ఆధారు కార్డులో అరవై ఏడని ఉంది, అది రాసినవాడి పొరపాటు, నాది కాదు. షేక్ బర్కతుల్లా భార్యను. కొండ కింద వీధిలో రెండు గదుల మిద్దె ఇంట్లో కొడుకు అక్రం, కోడలు తస్లీమాతో ఉంటున్నాను. మా ఆయన, ఈ ఇంటి యజమాని, నలభై రోజులుగా ఇంట్లో లేడు. ఆత్మకూరులో ఆయన చెల్లెలు మెహతాబ్ ఇంట్లో ఉన్నాడు. ఈ ఉత్తరం ఆయనకే.

అక్రం వాళ్ళ అబ్బాకు హజరాబీ సలాం.

కట్టుకున్న పెళ్ళానివి, నీ పేరూ వయసూ నాకెందుకు చెబుతున్నావు అంటారేమో. పింఛను ఆఫీసులో చూశాను, కోర్టు మెట్ల దగ్గర చూశాను, మనిషి పేరూ వయసూ చెప్పిన తర్వాతే ఆ మాటను కాగితం మీదికి తీసుకుంటారు. ఈరోజు నేను చెప్పేది కాగితం మీదికి ఎక్కాలి. అందుకే ఎదురింటి కరుణశ్రీ టీచరమ్మను పిలిపించాను. ఇంట్లో మన మాట వేరే అయినా మీకు చదవడం వచ్చేది తెలుగే కదా. మీతో రోజూ ‘నువ్వు’ అనే మాట్లాడతాను, కాగితంలో మాత్రం ‘మీరు’ అని రాయమన్నాను. టీచరమ్మ నా యాసను సరిచేసి రాస్తానంది. సరిచేస్తే చెయ్యి, కోపం మాత్రం తీసెయ్యొద్దు అన్నాను.

అక్రంనూ, మోటార్ల షాపు యేసుబాబునూ కూడా ఇక్కడే చాప మీద కూర్చోబెట్టాను. ఎందుకో వాళ్ళకింకా చెప్పలేదు. యేసుబాబు ఇప్పటికే రెండుసార్లు టైం చూసుకున్నాడు. చూసుకోనీ.

ఇక్కడ అందరం ఒంటికి బాగానే ఉన్నాం. అంతకుమించి బాగున్నామని రాయిస్తే అబద్ధమవుతుంది. అక్కడ మీరూ, మెహతాబూ, ఆమె ఇంటివాళ్ళూ కులాసాగా ఉండాలని నమాజు తర్వాత అడుగుతూనే ఉన్నాను.

మీ ఉత్తరం శనివారం చేరింది. ఫోనులో మీకు వినపడదు, నాకు అరవడం ఇష్టం లేదు, కాబట్టి మీరు రాయడమే మంచిదయింది. టీచరమ్మ చేత మూడుసార్లు చదివించుకున్నాను. మూడోసారి ఆమె కళ్ళజోడు తీసి, ‘హజరమ్మా, ఎన్నిసార్లు చదివినా ఇందులో ఉండేది ఇంతే’ అంది. ఒక్క పేజీ. అందులోనూ సగం ఖాళీ. లారీ మీద కడపకు పోయిన రోజుల్లో మీరు సిగరెట్టు పెట్టె అట్ట మీద రాసి పంపిన చీటీలో కూడా ఇంతకంటే ఎక్కువ మాటలు ఉండేవి.

అడిగినవాటికి వరసగా చెబుతాను. నా కంటికి చుక్కలు వేసుకుంటున్నావా అని అడిగారు. వేసుకుంటున్నాను. తస్లీమా వేస్తుంది. ఆమె చెయ్యి వణకదు, కానీ తొందర ఎక్కువ, సగం మందు చెంప మీదికి పోతుంది. గరిటెల పనికి టైమవుతోందని పరుగు. ఈమధ్య చెక్క గరిటెలకు గిరాకీ బాగుంది, ఇంటికి కూడా తెచ్చి నున్నగా రుద్దుతోంది. నేనూ కూర్చుని నాలుగు రుద్దుతాను. మేక ఈనిందా అని అడిగారు. ఈనింది. రెండు. ఒకటి మగది, నల్లది, చెవి దగ్గర తెల్లమచ్చ. రెండూ బాగా పాలు తాగుతున్నాయి. బాత్రూం గోడ పూడ్చారా అని అడిగారు. సిమెంటు పూశారు, పలకలు ఇంకా అతికించలేదు. లోపలికి పోయినప్పుడల్లా బూడిదరంగు గోడ కంటికి తగులుతుంది. దాని గురించి తర్వాత చెబుతాను.

నాలుగోది మీరు అడగలేదు, చెప్పారు. ఆత్మకూరులో లారీ షెడ్డువాళ్ళు చిన్న చిన్న పనులు చూసుకోమన్నారనీ, ఉండటానికి అక్కడే ఒక గది ఇస్తామన్నారనీ, వచ్చే సోమవారం చేరుతున్నాననీ, రంజాను నెలంతా అక్కడేననీ రాశారు. మీ పనిముట్లున్న పానాల పెట్టెను బస్సులో డ్రైవరుకు అప్పజెప్పి పంపమన్నారు. ఇన్నీ రాసి, నువ్వు ఎట్లా ఉన్నావు అని మాత్రం రాయలేదు. కన్ను ఎట్లా ఉందని అడిగారు, మనిషి ఎట్లా ఉందని అడగలేదు.

పెట్టె ఇంకా పంపలేదు. ఎక్కడుందంటారా, దాని మీదే కూర్చుని ఈ ఉత్తరం చెబుతున్నాను. ఉదయం అక్రం దాన్ని తీయబోయాడు. ‘లెయ్ అమ్మీ, పదిగంటల బస్సుకి వేసొస్తా, అబ్బా అడిగినాడు గదా’ అన్నాడు. ‘ముందు నా పని కానీ, పెట్టె సంగతి తర్వాత’ అన్నాను.

ఇప్పుడు మోటారు దగ్గరికి వస్తాను. మీకు తెలిసిందే అయినా మొదటినుంచి చెబుతాను, ఎందుకంటే ఈ చాప మీద కూర్చున్నవాళ్ళకు తెలిసింది వేరు.

మిద్దె మీద సోలారు పెట్టించి రెండేళ్ళయింది. వేడినీళ్ళు వస్తాయన్నారు, వచ్చాయి, సన్నధారగా. సోలారు ట్యాంకు మిద్దెకు మూరెడు ఎత్తులో కూర్చుంది, నీళ్ళకు దిగే బలం లేదు. బక్కెట్టు నిండేసరికి అడుగు నీళ్ళు చల్లారిపోయేవి. అందుకే పెరట్లో నా రాళ్ళపొయ్యిని, నీళ్ళ కాగును నేను తీయనివ్వలేదు. ఈసారి చలి మొదలైన వారం మీరు నెల్లూరు పోయి చిన్న మోటారు తెచ్చారు. కొబ్బరికాయ అంత ఉంది. దాన్ని వేడినీళ్ళ పైపు మధ్యలో పెడితే, కుళాయి తిప్పగానే లోపల నీళ్ళు కదిలినట్టు దానికి తెలుస్తుందట, తనంతట తాను తిరిగి నీళ్ళను తోస్తుందట, కుళాయి కట్టేస్తే తనే ఆగుతుందట. ఎవరి సాయమూ లేకుండా ఒక్క పూటలో మీరే బిగించారు. మొదటిరోజు కుళాయి తిప్పితే నీళ్ళు బక్కెట్టు అడుగును కొట్టిన చప్పుడు వీధిలోకి వినపడింది. టీచరమ్మ కూడా వచ్చి చూసి పోయింది.

నాలుగు రోజులు బాగా నడిచింది. ఆ నాలుగు రోజులూ మీరు కుళాయి కింద పీట వేసుకుని, వీపు పెట్టి కూర్చునేవారు. లారీ సీటు మీద ముప్పై ఎనిమిదేళ్ళు అరిగిన నడుముకు ఆ ధార ఒత్తినట్టు ఉందన్నారు. తలుపు గడియ వేసుకుని అరగంట. బయటికి వచ్చి, ‘హజరా, ఇంక పెరట్లో ఆ పొయ్యి పీకేయ్, నీకు కష్టం తప్పింది’ అన్నారు.

అయిదోరోజు నుంచి అది మొరాయించింది. కుళాయి తిప్పితే టక్‌మని మొదలవడం, రెండు చెంబులు రాకముందే ఆగడం, మళ్ళీ టక్‌మనడం. కాసేపటికి వేడెక్కి మూగగా కూర్చునేది. మీరు దాన్ని విప్పారు. లోపలి జాలీలో తెల్లగా సున్నం పట్టిందని నిమ్మరసం పోసి పొద్దంతా నానబెట్టి కడిగారు. మన బోరు నీళ్ళకు అది మామూలే. మళ్ళీ బిగిస్తే మళ్ళీ టక్‌టక్. గాలి పట్టిందేమోనని జాయింటు వదులు చేసి గాలి తీశారు. కరెంటు సరిగా అందడం లేదేమోనని కొత్త వైరు లాగారు. బాణం గుర్తు ఏ వైపు ఉందో నాతో కూడా చూపించి, ‘సరిగానే పెట్టినా కదా?’ అని అడిగారు. నాకు అక్షరం రాకపోయినా బాణం తెలుసు. సరిగానే పెట్టారు. రెండు వారాలు ఉదయం టీ తాగి మిద్దె ఎక్కితే మధ్యాహ్నం అన్నానికి దిగేవారు.

అప్పుడు అక్రం ఈ యేసుబాబును పిలుచుకొచ్చాడు. ఇతను వచ్చీరాగానే ఏమన్నాడో ఇతని ఎదుటే రాయిస్తున్నాను. ‘ఏంది పెద్దాయనా, దీనిక్కూడా లారీ గేర్లు వేసినావా ఏంది?’ అన్నాడు. అక్రం నవ్వాడు. మీరు నవ్వలేదు. ఇతను కండెన్సరు మార్చాడు. మిద్దె మీద మోటారు తర్వాతి జాయింటు ఊడదీసి ఆన్ చేశాడు. నీళ్ళు ఎగిరి పక్కింటి ఎండుమిరపకాయల మీద పడ్డాయి. ‘మోటారు పులిమాదిరి ఉండాది. లోపం మీ పైపులో ఉండాది. గోడలో యాడో మూసుకుపోయింది’ అని చెప్పి పోయాడు.

గోడలో పైపు వేసింది కూడా మీరే. ఆ మాట మీకు ఎక్కడ తగిలిందో నాకు తెలుసు. మర్నాడు సుత్తీ ఉలీ తీసుకుని బాత్రూం గోడ పగలగొట్టారు. కొత్త పలకలు, తస్లీమా ఏరుకుని తెచ్చుకున్న నీలం పూల పలకలు. పైపు కోసి తీసి వెలుతురులో పెట్టి చూస్తే లోపల నలుసు కూడా లేదు. శుభ్రంగా ఉంది. వాకిట్లో అక్రం, యేసుబాబు, ఇద్దరు ముగ్గురు వీధివాళ్ళు. తస్లీమా పలక ముక్కలు ఏరుకుంటోంది. అక్రం అన్నాడు, ‘చాల్లే అబ్బా, దండం పెడతా, ఇంక దాన్ని ముట్టుకోవద్దు’ అని.

మీరు నా వైపు చూశారు. అప్పుడు నేను ఏమన్నానో మీకు గుర్తుంది. వినపడని చెవి అటువైపు ఉండకూడదా అని ఈ నలభై రోజుల్లో ఎన్నిసార్లు అనుకున్నానో. ‘ముసిలోడివైనావు. నీ చేతులు పోయినాయి, ఒప్పుకో’ అన్నాను.

మీరు పానాలు ఒక్కొక్కటే తుడిచి ఈ పెట్టెలో పెట్టారు. కోసిన పైపును కొత్త ముక్కతో అతికించారు, అంత కోపంలోనూ పని సగంలో వదిలిపెట్టలేదు. అన్నం తినలేదు. మర్నాడు మొదటి బస్సుకు వెళ్ళిపోయారు. చొక్కాలు రెండే తీసుకుపోయారు కాబట్టి నాలుగు రోజుల్లో వస్తారనుకున్నాను.

ఇంతవరకూ అందరికీ తెలిసిందే. ఇప్పుడు మొన్న జరిగింది చెబుతాను.

మీ ఉత్తరం వచ్చిన మర్నాడు, ఆదివారం, మోటారు బాగయింది. కుళాయి తిప్పగానే మొదలై, కట్టేదాకా ఆగకుండా, మొదటి నాలుగు రోజుల మాదిరే తిరిగింది. అక్రం పరుగెత్తుకొచ్చి చూశాడు. సోమవారం పొద్దున టీ అంగడి దగ్గర పదిమందిలో ఏమన్నాడో తెలుసా? ‘మా అబ్బా చెయ్యి పడకపోతే చాలు, మా ఇంట్లో అన్నీ పనిచేస్తాయి’ అన్నాడు. యేసుబాబు తానేమీ తక్కువ తినలేదు. ‘నేనేసిన కండెన్సరు నిదానంగా పని మొదలుపెట్టింది’ అన్నాడట. పాలు తేవడానికి పోయిన తస్లీమా విని వచ్చి నాకు చెప్పింది. చెప్పేటప్పుడు ఆమె కూడా కొంచెం నవ్వింది.

నాకు కూర్చోబుద్ధి కాలేదు, నిలబడబుద్ధి కాలేదు. డీజిల్ ట్యాంకు కారుతుంటే సబ్బు రుద్ది మర్రిపాడు అడవి దాటించిన మనిషిని, మొగుడు పోయిన ఓబమ్మ ఇంటి కరెంటు మోటారును మూడేళ్ళు ఉత్తపుణ్యానికి నడిపించి ఇచ్చిన మనిషిని, టీ అంగడి దగ్గర నవ్వుకోవడానికి వాడుకుంటున్నారు. నేను నోరు మూసుకుని ఉంటే ఊరు చివరిదాకా అదే నిజమవుతుంది. అందుకే ఈ పంచాయతీ.

టీచరమ్మా, ఇక్కడినుంచి నేను చెప్పింది చెప్పినట్టు రాయి. మధ్యలో ఆపి నా ముఖం చూడొద్దు.

మోటారులో ఏ లోపమూ లేదు. పైపులో లేదు. మీరు చేసిన పనిలో లేదు. లోపం కుళాయి మూతికి నేను కట్టిన గుడ్డలో ఉంది.

మీకు అర్థమైపోయి ఉంటుంది. అయినా వీళ్ళకోసం చెబుతాను. పుట్టినప్పటినుంచి నేను గుడ్డ కట్టని కుళాయి నీళ్ళు వాడలేదు. మా అమ్మ కట్టేది, వీధి కుళాయికి కూడా మేమే కట్టేవాళ్ళం. నలకలు పడకుండా, సున్నం పలుకులు రాకుండా. వంటింటి కుళాయికి ఉంది, పెరటి కుళాయికి ఉంది. మోటారు వచ్చిన నాలుగోరోజు బక్కెట్టు అడుగున తెల్లటి పలుకులు కనిపించాయి. మీ వీపుకు గుచ్చుకుంటాయని, మీ పాత పంచె చింపి నాలుగు మడతలు వేసి, ఆ కొత్త కుళాయికి దారంతో గట్టిగా బిగించాను. అయిదోరోజు నుంచి మొరాయించింది. అది నాకు తెలియక చేసింది. గుడ్డకు సున్నం పట్టేకొద్దీ నీళ్ళు నడవవు, నీళ్ళు నడవకపోతే మోటారుకు కుళాయి కట్టేసినట్టే లెక్క, ఆగిపోతుంది. దానికి చెప్పిన పని అది సరిగ్గానే చేసింది.

మీరు రోజుకు పదిసార్లు ఆ కుళాయి తిప్పారు. ఆ గుడ్డ మీ చేతికి తగులుతూనే ఉంది. యేసుబాబు తిప్పాడు, అక్రం తిప్పాడు. ఒక్కరికీ అది కనపడలేదు. మన ఇళ్ళల్లో కుళాయికి గుడ్డ లేకపోతే కనపడుతుంది కానీ, ఉంటే ఎవరికి కనపడుతుంది?

ఇప్పుడు యేసుబాబు చాప మీదనుంచి లేచాడు. ‘అవ్వా, గుడ్డా?’ అంటున్నాడు. కూర్చోమన్నాను. అసలైనది ఇంకా చెప్పలేదు.

ఆ తర్వాత శుక్రవారం, అంటే మీరు గోడ పగలగొట్టడానికి పదిరోజులకు ముందే, ఆ గుడ్డ ఉతుకుదామని విప్పాను. చెయ్యి కడుక్కోవడానికి కుళాయి తిప్పాను. మోటారు చక్కగా పాడుతూ తిరిగింది. నీళ్ళు బక్కెట్టులో పడి ఎగిరి నా రవికంతా తడిపాయి. వేడిగా. నేను అక్కడే నిలబడిపోయాను. చదువు రాకపోయినా నీళ్ళ సంగతి నాకు తెలియంది కాదు, ఒక్క చూపులో అర్థమైంది. మీరు మిద్దె మీద జాలీ రుద్దుతున్నారు. అప్పుడే గట్టిగా ఒక్క కేక వేసి ఉంటే అయిపోయేది.

వేయలేదు. గుడ్డను ఉతికి, మళ్ళీ కట్టాను. మడతలు నాలుగు కాదు, ఆరు.

ఎందుకని అక్రం అడుగుతున్నాడు. వాడికి కాదు, మీకు చెబుతున్నాను.

మనకు పెళ్ళయి నలభై తొమ్మిదేళ్ళు. అందులో సగం మీరు రోడ్డు మీదే ఉన్నారు. ఇంటికి వచ్చిన రోజు కాగు నిండా నీళ్ళు కాచి, పెరట్లో రాయి మీద మిమ్మల్ని కూర్చోబెట్టి వీపు మీద పోసేదాన్ని. మీరు ఎదురుగా కూర్చుంటే మాట్లాడరు. అన్నం తినేటప్పుడు మాట్లాడరు, పేపరు చేతిలో ఉంటే అసలే మాట్లాడరు. వీపు తిప్పి కూర్చుని, తల మీద నీళ్ళు పడుతుంటేనే మీకు మాటలు వచ్చేవి. ఏ ఊళ్ళో లోడు దించారో, ఎక్కడ టైరు పేలిందో, బద్వేలు దారిలో ఎవరు ఎక్కారో, మీ నాయన మిమ్మల్ని చిన్నప్పుడు ఎందుకు కొట్టాడో, అన్నీ నేను మీ వీపు చూస్తూనే విన్నాను. మన చిన్నది జ్వరంతో పోయిన ఏడాది, మీరు లోడుతో వచ్చేసరికి మట్టి కూడా అయిపోయింది. ఆరోజు మీరు వచ్చీరాగానే రాయి మీద కూర్చున్నారు. మీ వీపు కదలడం చూసి, చెంబు ఆపితే మీరు ఆపుకుంటారని, కాగు అయిపోయేదాకా ఆపకుండా పోశాను. అయిపోతే చన్నీళ్ళు పోశాను.

లారీ దిగిన తర్వాత కూడా ఆ ఒక్కటి మిగిలింది. రోజుకు అరగంట. మీకు కుడి చెవి పోయింది కాబట్టి ఎడమవైపు నిలబడి పోసేదాన్ని.

ఆ మోటారు వచ్చిన నాలుగు రోజులు మీరు గడియ వేసుకున్నారు. నాకు కష్టం తప్పించడానికే తెచ్చారని నాకు తెలుసు. నా భుజం నొప్పి చూసే తెచ్చారు. కానీ ఆ నాలుగు రోజులూ నేను తలుపు బయట తువ్వాలు పట్టుకుని నిలబడి, నీళ్ళ చప్పుడు మాత్రం విన్నాను. అయిదోరోజు మోటారు ఆగిపోతే మీరు తలుపు తీసి, ‘హజరా, నీళ్ళు కాచినావా?’ అని పిలిచారు. ఆ పిలుపు కోసమే గుడ్డ మళ్ళీ కట్టాను. రెండు రోజులు ఉంచి తీసేద్దామనుకున్నాను. మీరు మోటారు విప్పేకొద్దీ, జనం చేరేకొద్దీ, గుడ్డ తీయడానికి నాకు భయమైంది. తీస్తే బయటపడతాను. గోడ మీద సుత్తి పడిన ప్రతిసారీ ఇప్పుడు చెబుతాను, ఇప్పుడు చెబుతాను అనుకున్నాను. చివరికి మీరు నా ముఖం చూసినప్పుడు, ఎక్కడ కనిపెట్టారోనని ముందే మీ మీద పడ్డాను. అట్లా వచ్చింది ఆ మాట. మీ ఉత్తరం విన్న మర్నాడు, ఆదివారం, ఆ గుడ్డ విప్పి పారేసింది కూడా నేనే. మీ చేతులు పోలేదు. ఆ గోడలో మీరు అతికించిన పైపు ఈరోజుకూ చుక్క కారలేదు.

టీచరమ్మ పెన్ను ఆపింది. రాయి టీచరమ్మా, చెప్పాను కదా.

అక్రం లేచి బాత్రూంలోకి పోయి కుళాయి చూసి వచ్చాడు. ‘అమ్మీ, నాయాల్ది, నలభై రోజులు మమ్మల్ని...’ అని మొదలుపెట్టి ఆపేశాడు. ‘తిట్టరా, తిట్టు’ అన్నాను. తిట్టలేదు. తల దించుకుని కూర్చున్నాడు. యేసుబాబు మాత్రం, ‘పాపం పెద్దాయన్ని నేను ఎన్ని మాటలన్నానో’ అంటున్నాడు. ఈ ఇంట్లో సగం మంది ఇప్పుడు నేల చూస్తున్నారు. తస్లీమా పనికి పోయింది, లేకపోతే ఆమెనూ చూపించేదాన్ని. సాయంత్రం టీ అంగడి దగ్గర మళ్ళీ పదిమందీ చేరేటప్పుడు, ఈ ఉత్తరంలో మోటారు సంగతి ఉన్నంతవరకూ అక్రం బిగ్గరగా చదవాలి. అది నేను వాడికి వేసిన శిక్ష. మిగతాది వాళ్ళకు అనవసరం.

పెట్టె సంగతి. నేను దీని మీదనుంచి లేస్తున్నాను. రేపు పదిగంటల బస్సులో ఉత్తరంతోపాటు పెట్టె కూడా వస్తుంది. మీ పానాలను నా కింద దాచుకుని మిమ్మల్ని కట్టేయాలనుకోవడం కూడా ఆ గుడ్డ కట్టడం లాంటిదే. ఒకసారి కట్టి చూశాను, చాలు. షెడ్డు పని మీకు నచ్చితే చెయ్యండి. చేతిలో పని ఉన్నవాణ్ణి కూర్చోమని అనే హక్కు నాకు లేదు. మెహతాబ్‌తో మాత్రం, మీ వదిన నోటి దురుసుకు వచ్చేశానని చెప్పి ఉంటే, అది మార్చి అసలు సంగతి చెప్పండి. నా నోరు దురుసే, కానీ తప్పు నోటిది ఒక్కదానిదే కాదు.

వస్తారా అని అడగడానికి నాకు ముఖం లేదు. అయినా అడుగుతున్నాను. నలభై రోజులుగా ఉదయం లేవగానే పెరట్లోకి పోయి పొయ్యి ముందు కూర్చుంటున్నాను. ఎవరికి కాచాలో తెలియదు. మేకకు కుడితి కాచి లేస్తున్నాను. రంజాను నెలకు ఇంక పదిరోజులు లేదు. తెల్లవారకముందు సెహ్రీ అన్నానికి లేపితే మూడు పిలుపులకు కానీ లేవని మనిషి పక్కన లేకపోతే, ఆ మొదటి పిలుపుకే ఇల్లు మేలుకుంటుంది. అట్లాంటి ఇల్లు నాకు వద్దు.

మీరు వస్తే ఆ మోటారు నీళ్ళే పోసుకోండి. గుడ్డ ఇంక కట్టను, పలుకులు పడితే బక్కెట్టు తేరనిచ్చి వాడతాను. పీట వేసుకుని వీపు పెట్టి కూర్చోండి, మీకు సుఖంగా ఉంటే అరగంట కాదు, గంట కూర్చోండి. తలుపు గడియ కూడా వేసుకోండి, నేను ఏమీ అనను. బయట గోడకు ఆనుకుని నేను కూర్చుంటాను. ఆ మోటారు చప్పుడు ఏమంత పెద్దది కాదు. లోపలినుంచి మీరు ఎంత మెల్లగా మాట్లాడినా నాకు వినపడుతుంది.

ఇట్లు,
మీ ఇంటి మనిషి, అక్రం వాళ్ళమ్మ.

హజరాబీ ఎడమచేతి బొటనవేలి ముద్ర

చదివి వినిపించి, ఆమె సరేనన్న తర్వాత ముద్ర వేయించి రాసినది: కరుణశ్రీ, రిటైర్డ్ టీచరు.

సాక్షులు:

1. షేక్ అక్రం, కొడుకు. అబ్బా, సాయంత్రం చదువుతాను. సోమవారం లోపల నేనే వస్తాను, మాట్లాడాలి.

2. యేసుబాబు, మోటారు మెకానిక్కు. పెద్దాయనా, గుడ్డ నేను కూడా చూసినాను. చూసి కూడా దాని మీదికి ఆలోచన పోక గోడ పగలగొట్టించినాను.